అక్క చదివిన మోటారు పుస్తకం

"కాలరు వదిలేశావు. ఎడమ పక్కది," అంది అక్క మంచం మీంచి.

మాస్టారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కా తిప్పి, ఎడమచేతి వేళ్ళతో కాలరు అంచు తడిమాడు. నిజమే, మడత అక్కడే మొండిగా కూచునుంది. "ఈ మాట మొదట్లోనే చెప్పొచ్చుగా. చొక్కా మొత్తం అయ్యేదాకా ఆగడమెందుకు?" అన్నాడు.

"మొదట్లోనే చెప్తే ఇక పోట్లాడుకోడానికి ఏం మిగుల్తుంది?"

వంటగదిలో కాఫీ కలుపుతున్న బావ చెంచా చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. బావ నవ్వు అంతే. బయటికి వినపడదు, చేస్తున్న పని కాసేపు ఆగుతుంది. అక్కాతమ్ముళ్ళ మాటల మధ్యకి వెళ్ళకుండా ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో నెగ్గుకొచ్చిన మనిషి ఆయన.

మాస్టారికి యాభై దాటాయి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. రోజంతా ఒక చెవి పక్కకే వంగి వింటాడు కాబట్టి కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి లేచి ఉంటుంది. చూపు పసితనంలో వచ్చిన జ్వరంతోనే పోయింది. కుర్రతనంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పాడు. ఇప్పుడు టైపు మిషన్లూ లేవు, ఆ ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట మందుల షాపు వెలిసింది, మాస్టారన్న పిలుపు మాత్రం ఊడలేదు. అక్కకి పిల్లల్లేరు. ఉన్నా ఈ తమ్ముణ్ణి మించి సతాయించేవాళ్ళు కాదని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఆర్నెల్లుగా అక్క గుండె నీరసించింది. మెట్లెక్కొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు అని డాక్టరు రెండు ముక్కలు చెప్పాడు. అందులో మొదటిది ఆవిడ చాలా శ్రద్ధగా పాటిస్తోంది.

"ఇవాళేగా ఆ కొత్త మిషను సంగతి తేలేది? నా మోటారు పుస్తకం ఉంటుందా, ఊడుతుందా?" అని అడిగింది, అతను గుండీలు పెట్టుకుంటుంటే.

"ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

"ఏమో, నిన్న రాత్రి అన్నం మీద ధ్యాస లేదు నీకు. రెండుసార్లు ఉప్పేసుకున్నావు."

మాస్టారు కర్ర అందుకుని బయటపడ్డాడు. మోటారు పుస్తకం నిన్నటి నుంచీ తెరుచుకోవడం లేదు. ఆ ఒక్కటే కాదు, అక్క చదివినవి ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

అతను పనిచేసేది చూపు లేనివాళ్ళ కోసం నడిచే చిన్న గ్రంథాలయంలో. ఎవరో ఒకరు పుస్తకం చదివి రికార్డు చేస్తారు, కావలసినవాళ్ళు ఇంట్లో కూర్చుని వెబ్‌సైటు తెరిచి వింటారు. ఆ వెబ్‌సైటుని నడిపే స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకి వరసగా చెప్పే ఆదేశాలు, రాసిందీ, ఏళ్ళుగా వాటికి మరమ్మతులు చేస్తున్నదీ మాస్టారే. ఇన్నాళ్ళూ ఆ శబ్దాలన్నీ గ్రంథాలయం వెనకగదిలో ఒక పాత మిషను మీద ఉండేవి. అది ముసలిదైపోయి వారానికోసారి మొరాయిస్తుంటే, అన్నిటినీ ఒక పెద్ద సంస్థవాళ్ళ మిషను మీదికి మార్చారు. ఇవాళ సాయంత్రం అయిదింటికి వాళ్ళు ప్రతి పుస్తకాన్నీ ఒకసారి తెరిచి చూస్తారు. తెరుచుకున్నది ఉంటుంది. తెరుచుకోనిది వాడుకలో లేనట్టు లెక్కగట్టి తీసేస్తారు.

కావాలంటే ఆ ఫైళ్ళని పెన్‌డ్రైవులో వేసుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ తీసుకుపోయి ఏం చేస్తాడు? తమ్ముడొక్కడు వింటే చాలనుకుంటే అక్క ఇంట్లోనే కూర్చుని చదివేది. ఇల్లు దాటి ఆవిడ జీవితంలో చేసిన పని ఈ చదవడం ఒక్కటే. వంటిల్లు సర్దుకుని మధ్యాహ్నం పూట గ్రంథాలయానికి వచ్చేది. కథలూ కవిత్వం చదువుతామని ముందుకొచ్చేవాళ్ళు బోలెడుమంది ఉండేవాళ్ళు. మోటారుకి తీగ చుట్టడం, రేడియో బాగుచెయ్యడం, కుర్చీకి కేను అల్లడం, చొక్కాకి కొలతలు తియ్యడం లాంటివి ఎవరికీ అక్కర్లేదు. అవన్నీ అక్క వాటాకి వచ్చాయి. ఆవిడ వాటినే కథల్లా చదివింది.

ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతుకి అతను చిలక అని పేరు పెట్టుకున్నాడు. మామూలు మనుషులెవరికీ అర్థంకానంత వేగంగా అది మాట్లాడుతుంది. ఇంకా మొదలుపెట్టకముందే బల్ల మీద ఫోను మోగింది.

"మాస్టారూ, నేనండీ, మోటార్లు చుట్టేవాణ్ణి." రెండు వీధుల అవతల కొట్టు పెట్టుకున్న మనిషి. అతనికీ చూపు లేదు. "మీ అక్కగారి మోటారు పుస్తకం తెరుచుకోవట్లేదండీ. బల్ల మీద మూడు మోటార్లు విప్పి పెట్టుకున్నాను. చెయ్యొచ్చు, రాక కాదు. కానీ ఆ గొంతు పక్కన లేకపోతే చుట్లు లెక్క తప్పిపోతానేమోనని భయంగా ఉంటుంది."

"సాయంత్రానికి తెరుచుకుంటుంది."

"మా పెద్దది కూడా ఆవిడలాగే లెక్కపెడుతుందండీ. పదీ, పదకొండూ, ఆగి ఊపిరి తీసుకో, పన్నెండూ అని." అతను నవ్వుకుంటూ ఫోను పెట్టేశాడు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు.

స్క్రిప్టు చేసే పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. శబ్దాలన్నీ ఉండే పెద్ద ఫోల్డరు పేరు తీసుకుంటుంది, ఒక వాలుగీత, అదే స్లాష్, పెడుతుంది, దాని పక్కన పుస్తకం పేరు అతికిస్తుంది. ఆ దారి పట్టుకుని వెళ్ళి లోపలున్న అధ్యాయాలని వరసగా వినిపిస్తుంది. పుస్తకాల పేర్లు వేరే పట్టికలో ఉంటాయి. తర్వాత చేరిన గుమాస్తాలు ఎక్కించిన పుస్తకాలన్నీ శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. మొదటి రోజుల్లో మాస్టారు ఎక్కించినవి మాత్రం, అంటే దాదాపుగా అక్కవన్నీ, 'ఫోల్డరు లేదు' అంటున్నాయి. వెళ్ళి చూస్తే ఫోల్డరు అక్కడే ఉంది.

వాలుగీతలు తిరగబడ్డాయేమోనని నిన్నే చూశాడు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలిసిపోయాయేమోనని చూశాడు. పాత మిషను వాటిని పట్టించుకునేది కాదు, కొత్తది మహా పట్టుదల మనిషి. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇవాళ రేడియో పుస్తకం ముందు పెట్టుకున్నాడు. స్క్రిప్టు తయారుచేసిన దారిని తెర మీద రాయించి చిలక చేత చదివించాడు. "సౌండ్స్ స్లాష్ రేడియో" అంది చిలక. అసలు ఫోల్డరు దగ్గరికి వెళ్ళి అదీ చదివించాడు. "సౌండ్స్ స్లాష్ రేడియో" అంది మళ్ళీ, అదే గొంతుతో.

"మేడమ్, ఒకసారి మీ కళ్ళు అరువిస్తారా?" అన్నాడు.

లైబ్రేరియన్ వచ్చి అతని భుజం పక్కన వంగింది. ఆవిడ దగ్గర ఎప్పుడూ పుదీనా బిళ్ళ వాసన వస్తుంది. చాలాసేపు చూసింది. "చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయండీ. ఒక్క అక్షరం తేడా లేదు," అంది. తర్వాత కాస్త తటపటాయించి, "పోనీ ఆ పాత పుస్తకాలు వదిలేద్దామా మాస్టారూ? కథలన్నీ వచ్చేశాయిగా. ఎక్కువమంది వినేది అవే," అంది.

ఆవిడ చెడ్డగా అనలేదు. నిన్నటి నుంచీ అతను అన్నం సరిగ్గా తినడం లేదని చూసి అంది. అయినా మాస్టారికి చురుక్కుమంది. "అయిదింటిదాకా టైముందిగా మేడమ్," అని మాత్రం అన్నాడు.

భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళారు. అతను రొట్టె తుంచి నోట్లో వేసుకుంటూ స్క్రిప్టుని మొదటి గీత నుంచి మళ్ళీ విన్నాడు. చిలక చదువుతున్నా, లోపల అతనికి వినపడేది అక్క గొంతే. ఈ విద్య అతనికి వచ్చింది ఆవిడ నోటి వెంటే మరి. గ్రంథాలయంవాళ్ళు వెబ్‌సైటు పెడదామనుకున్నప్పుడు చూపు లేనివాళ్ళు వినగలిగే స్క్రిప్టుల పుస్తకం ఎక్కడా దొరకలేదు. అచ్చు పుస్తకం లావుపాటిది ఒకటి కొనుక్కొచ్చి అక్క ముందు పడేశాడు. అందులో ఆవిడకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఐనా అట్టనుంచి అట్టదాకా చదివింది, రోజూ రాత్రి భోజనాలయ్యాక, ఒక చలికాలం మొత్తం. గుర్తుల పేర్లు తెలియక తనే పెట్టుకుంది. వంకర బ్రాకెట్లని మీసాలంది. సెమీకోలన్ని చుక్కాకామా అంది. తిరగబడ్డ వాలుగీతని వెనక్కి వాలినాయన అంది.

"ఒరే, ఈ పుస్తకం రాసినాయనకి ఏమైనా తిక్కా? ఇంతింత మీసాలు పెట్టి, లోపల ఒకే ఒక్క ముక్క రాసి, చుక్కాకామా పెట్టేశాడు," అనేది.

"చదువక్కా, నిద్రొస్తోంది."

"నీకు నిద్రొస్తే నేనెందుకు చదువుతున్నానురా మరి?"

ఆ నవ్వులాటలోనే అతనికి పని వచ్చింది, జీతం వచ్చింది, ఇంటి ఖర్చులో బావకి సగం భుజం ఇవ్వగలిగాడు. ఈ సంగతి అక్కకి ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. చెబితే ఆవిడ వేళాకోళం చేస్తుందన్న భయం ఒకటి. ఇద్దరికీ తెలిసిన సంగతిని మళ్ళీ చెప్పడం దేనికన్న మొహమాటం ఇంకొకటి.

రొట్టె సగంలో ఉండగా చెయ్యి ఆగింది. కన్ను పట్టుకోలేదు, చెవి పట్టుకోలేదు. అలాంటప్పుడు మిషన్నే అడగాలి. ఆ పేరు ఎంత పొడుగుందో చెప్పమని ఒక గీత రాసి నడిపించాడు. రేడియో అని ఇంగ్లీషులో రాస్తే అయిదక్షరాలు. మిషను ఆరంది.

మాస్టారు వేళ్ళు తుడుచుకుని పట్టికలో ఆ పేరు మీదికి వెళ్ళాడు. బాణం మీట నొక్కుతూ ఒక్కొక్క అక్షరం విన్నాడు. ఆర్. ఎ. డి. ఐ. ఓ. ఇంకోసారి నొక్కాడు.

"స్పేస్," అంది చిలక.

పేరు అయిపోయాక చివర్న ఒక ఖాళీ. అది చూసేవాళ్ళకి కనపడదు, మామూలుగా చదివిస్తే వినపడదు. కుట్టుపని పుస్తకం చూశాడు, దాని చివరా ఉంది. కేను కుర్చీలకీ ఉంది. పాత మిషను చివర్న ఉన్న ఖాళీని చూసీచూడనట్టు వదిలేసేది. కొత్తది 'రేడియో' వేరు, 'రేడియో ఖాళీ' వేరు అని తగువు పెట్టుకుంది.

ఎవరు పెట్టారివి అని కోపం రాబోయి, సగంలో తెల్లబోయాడు. పెట్టింది తనే. చిలకకి ఒక పద్ధతుంది. అక్షరాలు కొడుతున్నంతసేపూ ఊరుకుంటుంది. స్పేస్ కొట్టినప్పుడే, మాట పూర్తయిందని నమ్మి, ఆ మాటని గట్టిగా పలుకుతుంది. తప్పు కొట్టాడో ఒప్పు కొట్టాడో అప్పుడే తెలుస్తుంది. అందుకని ఏది కొట్టినా చివర్న స్పేస్ కొట్టి, విని, సరిగ్గా ఉందని రూఢి చేసుకునేవాడు. అక్క పుస్తకాల పేర్లలో తప్పు రాకూడదని ప్రతి పేరుకీ అలాగే చేశాడు. తర్వాత వచ్చిన గుమాస్తాలు కళ్ళతో చూసుకునేవాళ్ళు, వాళ్ళకి ఆ అవసరం లేకపోయింది. అంత జాగ్రత్త పడ్డందుకే ఇప్పుడు ఆవిడ పుస్తకాలన్నీ బయట నిలబడిపోయాయి.

అతను ఒక్కడే గదిలో గట్టిగా నవ్వాడు. లైబ్రేరియన్ పరుగున వచ్చింది.

"దొంగ దొరికాడండీ," అన్నాడు.

"ఎవరు?"

"నేనే."

ఆవిడకి విడమర్చి చెప్పి, స్క్రిప్టులో ఒక్క గీత చేర్చాడు. పేరు తీసుకున్నాక దాని మొదటా చివరా ఉన్న ఖాళీలు కత్తిరించి, ఆ తర్వాతే దారికి అతికించమని. సేవ్ చేసి రేడియో పుస్తకం తెరిచాడు. తెరుచుకుంది. కేను కుర్చీలు, కుట్టుపని, తాళాలు, సైకిళ్ళు, గొట్టాలు, ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రతిదాంట్లోంచీ అక్క గొంతు ఒక ముక్క వినపడి ఆగుతోంది. అన్నీ చూసి వచ్చేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. మోటారు పుస్తకం మాత్రం ఇంకా 'లేదు' అంది.

లైబ్రేరియన్ గడియారం చూసి, "నాలుగు దాటింది మాస్టారూ," అంది. మోటారు పుస్తకం అక్క మొట్టమొదట చదివింది. ఏది పోయినా పోనీగానీ అది పోవడానికి వీల్లేదు. పొద్దున మంచం మీంచి ఆవిడ అడిగింది దాని గురించే.

మొట్టమొదటిది కాబట్టే దాని తీరు వేరు. అప్పటికి పట్టికా లేదు, అన్నిటికీ కలిపి ఒక స్క్రిప్టూ లేదు. ఆ ఒక్క పుస్తకానికీ విడిగా ఒక వెబ్ పేజీ రాశాడు. ఆ పేజీ వెతికి పట్టుకుని పై నుంచి విన్నాడు. "డి, కోలన్, బ్యాక్‌స్లాష్," అని మొదలుపెట్టింది చిలక. అంతే, అతనికి అంతా తెలిసిపోయింది. ఆ రోజుల్లో తన బల్ల మీదున్న మిషన్లో శబ్దాలు ఎక్కడ పెట్టుకున్నాడో, ఆ చోటు పేరు గడపతో సహా రాసేశాడు. తర్వాత ఆ మిషన్నే వెనకగదిలోకి మార్చి అందరికీ అదే సర్వరన్నారు. తన ఇంట్లో తనకి దారి తెలుసు కనుక ఇన్నాళ్ళూ చక్కగా నడిచింది. కొత్తచోట డి డ్రైవు అనే గదే లేదు.

ఆ పాత చిరునామా మొత్తం కొట్టేసి, మిగతా పుస్తకాలకి ఉన్నట్టే, వెబ్‌సైటు పెద్ద ఫోల్డరు నుంచి మొదలయ్యే దారి రాశాడు. చివరి మాట కొట్టాక బొటనవేలు తనంతట తనే స్పేస్ మీదికి వెళ్ళింది. మాట విని, సరిగ్గా ఉందని చూసుకుని, ఆ ఖాళీ చెరిపేసి, సేవ్ చేశాడు.

పేజీ తెరుచుకుంది. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత పాతికేళ్ళ కిందటి అక్క, ఆయాసం లేని అక్క, మొదలుపెట్టింది. "అధ్యాయం ఒకటి. ఇక్కడో బొమ్మ ఉంది. గుండ్రంగా, లోపలి అంచు చుట్టూ గళ్ళు. పుస్తకంలో దీన్ని స్టేటరు అన్నారు. నాకైతే దువ్వెనని గుండ్రంగా వంచినట్టుంది. మీరు చేత్తో తడిమి చూసుకోండి, నేను ఆగుతాను." నిజంగానే ఆగింది. ఆ ఆగినంతసేపూ మాస్టారు కదలకుండా కూర్చున్నాడు. అతనికి అంత సంతోషం కలిగి చాలా కాలమైంది.

అయిదు దాటాక సంస్థవాళ్ళ నుంచి కబురు వచ్చింది. లైబ్రేరియన్ పైకి చదివింది. అన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటీ తీసెయ్యలేదు. మోటార్లు చుట్టే మనిషికి ఫోను చేసి ఆ ముక్క చెప్పి, తర్వాత ఇంటికి చేశాడు. బావ ఎత్తాడు.

"అక్కకివ్వు బావా."

"పడుకుంది. ఇందాకే కళ్ళు మూసింది. లేపనా?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. పగలు నిద్ర పట్టడం లేదని వారం నుంచీ గొణుగుతోంది ఆవిడ. "వద్దులే. పడుకోనీ. లేచాక చెప్పు, మోటారు పుస్తకం తెరుచుకుంటోందని. మిగతావీ ఉన్నాయని."

"చెప్తా."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంటికెళ్ళాక ఎలా చెప్పాలో అనుకుంటూ కూర్చున్నాడు. స్పేస్ కథ మొత్తం చెప్పాలి. 'నీ చాదస్తం నా పీకల మీదికి తెచ్చిందిరా' అంటుంది, ఖాయంగా. ఆ తర్వాత చలికాలం చదివిన పుస్తకం సంగతి కూడా ఈసారి చెప్పేద్దామనుకున్నాడు, వేళాకోళం చేస్తే చేసింది.

గేటు దగ్గరే అనుమానం వచ్చింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఈ వేళకి బావ ఏదో ఒక గిన్నె కదిలిస్తూ ఉంటాడు. మెట్టు మీద కర్ర ఎవరి చెప్పుకో తగిలింది.

"బావా?"

"నేనే." బావ మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. "నువ్వు చెప్పమన్న మాట చెబుదామని వెళ్ళాను. కాఫీ కూడా పట్టుకెళ్ళాను. పిలిచాను. చెయ్యి పట్టుకుని పిలిచాను," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, మాటలే ఒకదానికొకటి దూరంగా పడుతున్నాయి. "మీ ఆఫీసుకి చేస్తే అప్పటికే బయల్దేరావన్నారు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. నిద్రలోనే అన్నాడు. బాధేం తెలిసుండదన్నాడు."

మాస్టారు బావ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. లేపమని ఉంటే, అన్న మాట నోటిదాకా వచ్చింది. బావ కూడా అదే అనుకుంటున్నాడని తెలిసి, దాన్ని మింగేసి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

తర్వాత లోపలికి వెళ్ళాడు. మంచం పట్టె మీద కూర్చుని అక్క చెయ్యి వెతికి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే, "తెరుచుకుందక్కా. మొదటి నుంచీ చివరిదాకా తెరుచుకుంది," అన్నాడు.

దుప్పటి సరిచెయ్యబోతే చేతికి ఏదో గట్టిగా తగిలింది. పుస్తకం. కొత్త కాగితం వాసన ఇంకా పోలేదు.

"నీళ్ళ పంపుల మరమ్మతు పుస్తకమట," అన్నాడు గుమ్మంలోంచి బావ. "నిన్న నా చేత తెప్పించింది. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ గొంతు పెగుల్చుకుని చదువుతూనే ఉంది, రికార్డు చేసేముందు నోరు తిరగాలని. డాక్టరు వద్దన్నాడుగా అంటే వినదు. ముందు ఆ పాతవి నిలబడతాయో లేదో తేలనివ్వమన్నాను. అది వాడు చూసుకుంటాడు, నా పని నేను చూసుకోవాలి అంది."

మాస్టారు పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో కొలిచాడు. చదివిన పక్క పలచగా ఉంది, చదవాల్సిన పక్క మందంగా ఉంది, పేజీ మూసుకుపోకుండా ఆవిడ పెట్టుకున్న రెండు బట్టల క్లిప్పులు ఇంకా గట్టిగానే పట్టుకుని ఉన్నాయి.